అంచు కనబడితే చాలు

"ఇంకా లేదు, మిస్టర్ లీబ్‌మన్" అన్నాను. ఇప్పటికి ఎన్నిసార్లు అన్నానో, ఈసారి గొంతులో విసుగు ఆయనకి వినబడే ఉంటుంది. విసుగు ఆయన మీద కాదు, పైన పరుచుకున్న ఆ బూడిదరంగు దుప్పటి మీద. రాత్రంతా వాతావరణ ఆఫీసులో కూర్చుని దాన్ని మ్యాపుల మీద గీసినదాన్ని నేనే, తెల్లారేసరికి తూర్పుకి జరిగిపోతుందని రాసినదాన్నీ నేనే, అది మాత్రం నా మాట లెక్కచెయ్యకుండా సిల్వర్ స్ప్రింగ్ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకోవలసినదాన్ని, మా అపార్ట్‌మెంట్ బిల్డింగ్ కప్పు మీద, తారు వాసనలో, టీవీ యాంటెనాల మధ్య, మడత కుర్చీలో కూర్చున్న ముసలాయన పక్కన మెడ పైకెత్తి నిలబడ్డాను. ఏప్రిల్ అన్నమాటే గాని చలి ఇంకా పోలేదు. ఆయన కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, టోపీ కిందకి లాక్కుని, ముఖం ఆకాశం వైపు పెట్టి కూర్చున్నాడు, రేడియో వార్తలు వింటున్నంత శ్రద్ధగా. ఆయన కళ్లకి వెలుగూ చీకటీ తెలుస్తాయి, ఆకారాలు తెలియవు. గ్లాకోమా, నాలుగేళ్లుగా మెల్లగా తినేస్తోంది. అందుకే నేను.

ఇరవై ఎనిమిదేళ్లకి ఒక్కసారి, ఒక బుధవారం పొద్దున, సృష్టిలో నాలుగో రోజున దేవుడు సూర్యుణ్ణి ఎక్కడ నిలబెట్టాడో అక్కడికే సూర్యుడు తిరిగి వస్తాడని యూదుల లెక్క. ఆ పూట బయటికి వచ్చి సూర్యుణ్ణి చూసి ఒక్క వాక్యం చదవాలి, సృష్టిని చేస్తున్నవాడా నీకు స్తుతి అని. సూర్యుడికి కాదు, చేసినవాడికి. ఆ తేడా ఆయన నాకు ఎన్నిసార్లు నొక్కి చెప్పాడో, నేను ఎక్కడ చెంబుతో నీళ్లు తెచ్చి అర్ఘ్యం ఇచ్చేస్తానో అని భయం కాబోలు, మా ఇంట్లో ఆ పని చేసినవాళ్లెవరూ లేరని ఆయనకేం తెలుసు. మబ్బు పట్టినా ఫర్వాలేదట, పలచటి మబ్బు వెనక బింబం అంచు కనబడితే చాలు. అంచు కనబడకపోతే మాత్రం ఆ వాక్యంలో దేవుడి పేరు పలకకూడదు, పేరు వృథాగా పలకడం పాపం, పేరు లేకుండా మిగతాది గొణుక్కోవచ్చు. పొద్దున్నే ఇక్కడికి రెండు వీధుల అవతల ప్రార్థనామందిరం కారు పార్కింగ్‌లో అందరూ చేరారు, పిల్లలూ ముసలివాళ్లూ, ఆఫీసు బ్యాగులతో మగవాళ్లూ, చాలాసేపు చూసి, చూసి, పేరు లేకుండా చదివేసి ఎవరి పనులకి వాళ్లు వెళ్లిపోయారు. ఈయన మాత్రం చదవలేదు. మిట్టమధ్యాహ్నం దాకా అవకాశముందని వాళ్ల మతగురువు రబ్బీ దగ్గర మాట తీసుకుని, నేను మా బిల్డింగ్ ముందు కారు ఆపుతుంటే చప్పుడు గుర్తుపట్టి ఎదురొచ్చి, జయంతీ, నీ కళ్లు ఒక గంట నాకివ్వగలవా అన్నాడు. అడిగిన పద్ధతికి కాదనలేకపోయాను.

"నేను మీ మతం కాదు, అసలు ఏ మతమూ కాదు, నా సాక్ష్యం చెల్లుతుందా?" అని మెట్లెక్కుతూ అడిగాను. చెల్లుతుందట. ఏ మతం వాడైనా సరే తన వృత్తిలో నిపుణుడైతే ఆ వృత్తి విషయంలో పేరు చెడగొట్టుకోడని వాళ్ల ధర్మశాస్త్రం నమ్ముతుందట. "ఆకాశం గురించి నువ్వు అబద్ధం చెప్పవు. అది నీ అన్నం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆకాశం గురించి మేం చెప్పేదాంట్లో సగం తప్పవుతుందని ఈ ఊళ్లో పాలవాడికి కూడా తెలుసు. కానీ తప్పు వేరు, అబద్ధం వేరు, నిజమే. వాల్తేరులో చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ మొదట నేర్పింది అదే, కనబడినదే రాయి, కనబడాలనుకున్నది రాయకు. ఈ మబ్బు జాతికి రెండు రకాలున్నాయి, ఒకదాని వెనక సూర్యుడు గరుకు గాజు వెనక దీపంలా మసగ్గా కనబడతాడు, రెండోదాని వెనక అసలు కనబడడు. ఆ రెంటికీ రెండు వేరు అంకెలు, అబ్జర్వర్ ఏ అంకె వెయ్యాలో చూసి వెయ్యాలి. వందల ఏళ్ల నాటి వీళ్ల రూలూ మా అంకెల రూలూ ఒక్కటే కావడం నాకు ఎందుకో చిరాకు తెప్పించింది. ఇప్పుడు నా తలమీద ఉన్నది రెండో రకం.

కింద మూడో అంతస్తులో నాన్న మెలకువగానే ఉండి ఉంటాడు. రమ్మంటే రాలేదు. "సూర్యుడేమన్నా మన చుట్టమా, స్టేషన్‌కెళ్లి దింపుకోడానికి?" అన్నాడు. అంటూనే ఫ్లాస్కులో నల్లకాఫీ పోసి, రెండు పేపర్ కప్పులు నా చేతిలో పెట్టాడు, ఆయన్ని చలిలో ఊరికే కూర్చోబెట్టకు అని. పేపర్ కప్పుల దగ్గరే కదా వీళ్లిద్దరి స్నేహం మొదలైంది. అమ్మ పోయాక నాన్నని గుడివాడ నుంచి తీసుకొచ్చిన కొత్తలో, కింది ఫ్లాటులో ఉండే ఈ గడియారాల రిపేరు ముసలాయన పలకరించడానికి వచ్చి, స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. నాన్న ముఖం కందగడ్డలా అయింది. జీవితమంతా హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద పోట్లాడిన మనిషి, హరిజనవాడలో సహపంక్తి భోజనాలు పెట్టి బంధువులందర్నీ దూరం చేసుకున్న మాస్టారు, ఎనిమిదివేల మైళ్లు వచ్చి ఇక్కడ మళ్లీ మడి చూడాలా అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. మర్నాడు లీబ్‌మన్ తనే పేపర్ కప్పుల కట్ట పట్టుకుని వచ్చాడు. "మిస్టర్ నరసింహా, సమస్య మీరు కాదు. ఆ గ్లాసుకి ఇంతకుముందు పాలు తగిలాయా, మాంసం తగిలిందా అన్నది. మాకు ఆ రెండూ కలవకూడదు. వంటింట్లో ఈ పద్ధతి పాటించకపోతే సొంత అన్న ఇల్లయినా మాకు ఇంతే." నాన్న చాలాసేపు ఆలోచించి, "అయితే మనిషిని బట్టి కాదు, గిన్నెని బట్టి. సరే, అది ఒట్టి చాదస్తం, అవమానం కాదు" అని తీర్పిచ్చాడు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం దేవుడు ఉన్నాడా లేడా అని వాదన.

ఆ వాదనలు వినాలి. కృష్ణాజిల్లా ఇంగ్లీషూ పోలండు ఇంగ్లీషూ, మధ్యలో పేపర్ కప్పులు. మీ దేవుడికి రూపం లేదు, బొమ్మ లేదు, భార్య లేదు, మరి ఉన్నాడని ఎలా నమ్ముతారు లీబ్‌మన్ గారూ, అని నాన్న, ఇంగ్లీషు వాక్యం చివర గారు తగిలించి. నీ తెలివికి రూపముందా, అయినా అది ఉందనే కదా నీతో మాట్లాడుతున్నాను, అని ఆయన. చచ్చాక ఏమవుతాం, స్వర్గమా, పునర్జన్మా? మాకు పెద్దగా చెప్పలేదు, బతికుండగా చెయ్యాల్సిన పని జాబితా మాత్రం చాలా పెద్దదిచ్చారు. లోకం పుట్టి ఐదువేల ఏడువందల చిల్లర ఏళ్లేనా, మా ఊరి బండరాయి వయసే కోట్లు! సూర్యుణ్ణి నాలుగో రోజున చేశాడు, మరి మొదటి మూడు రోజుల పొడవెంతో ఏ గడియారంతో కొలిచావు, నేను గడియారాలవాణ్ణి, నాకు చెప్పు. పోయిన వారం నాన్న పంచాంగంతో వచ్చాడు, గెలుపు ఖాయమన్న ముఖంతో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చిలోనే దాటిపోయింది, మీ లెక్కలో ఏడాది కాస్త పొడుగు, శతాబ్దాలుగా పక్కకి జరిగిపోయింది, సూర్యుడు ఆ చోట లేనే లేడు, కావాలంటే మా అమ్మాయిని అడగండి. నా వైపు చూశారు ఇద్దరూ. నిజమే అన్నాను. లీబ్‌మన్ గట్టిగా నవ్వాడు. "ఆ సంగతి మా పండితులకి వెయ్యేళ్లుగా తెలుసు. మనవడి పుట్టినరోజు మంగళవారం వస్తే ఆదివారం చేస్తాం. అందుకని మనవడు పుట్టలేదా?" నాన్న పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు?" అన్నాడు లీబ్‌మన్, కుర్చీలోంచి. చూశాను. దక్షిణం వైపు దుప్పటి కొంచెం తెల్లబడింది, అంతే. తెల్లబడటం వేరు, అంచు వేరు. "లేదు" అన్నాను. తల ఊపాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. కిందికి పోదామా అంటే పోదాం అనడు. ఈ మొండితనం ఎందుకో నాకు తెలుసు, పోయిన శుక్రవారం చెప్పాడు, నాన్న మందులేసుకుని పడుకున్నాక. మొదటిసారి ఆయనకి ఎనిమిదేళ్లు, పోలండులో ఏదో చిన్న ఊరి సంత వీధిలో, తండ్రి భుజాల మీద, ఊరంతా మబ్బులోకి చూస్తూ నిలబడింది. బింబం కనబడలేదు. ఎవడో కుర్రాడు కనబడింది కనబడిందని అరిచాడట, తండ్రి మాత్రం నాకు కనబడలేదు అని, పేరు పలకకుండా చదివి, కొడుకుని దింపి, వచ్చేసారి నువ్వు నా కోసం కూడా పలుకుదువుగాని అన్నాడు. వచ్చేసారికి, హిట్లర్ యుద్ధం దాటాక, ఆ ఊరు లేదు, ఆ వీధి లేదు, తండ్రి, ఇద్దరు చెల్లెళ్లు, ఎవరూ లేరు. బాల్టిమోర్‌లో ఈయనొక్కడే. ఆ రోజు ఎండ మిలమిలా కాసిందట. ఈయన దుకాణం తలుపులు మూసి, లోపల దీపం పెట్టుకుని, ఎవరిదో చేతి గడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఎందుకండీ అన్నాను. "ఆయన్ని పలకరించాలనిపించలేదు" అన్నాడు, వేలు పైకి చూపించి. మరి ఇప్పుడు కోపం పోయిందా? "ఎవరన్నారు? కానీ పలకరించని మనిషితో పోట్లాట ఎన్నాళ్లని సాగిస్తాం, జయంతీ? నాకు ఆయనతో తేల్చుకోవలసినవి ఉన్నాయి. ముందు పలకరించాలి."

నాకు పలకరింపూ లేదు, పోట్లాటా లేదు. ఎవరితో పోట్లాడను? దివిసీమ ఉప్పెన నాడు నేను ఇక్కడ ఆఫీసులోనే ఉన్నాను. ఉపగ్రహం పంపిన బొమ్మ టేబుల్ మీద పరిచారు, బంగాళాఖాతం మీద తెల్లటి చక్రం, మధ్యలో నల్లటి చుక్క, ఎంత గుండ్రంగా, ఎంత పొందిగ్గా, పక్కనున్న వాళ్లు వంగి చూసి చాలా అందంగా ఉంది అన్నారు, నేనూ అనే ఉంటాను, ఆ చక్రం అంచు కింద మా జిల్లా ఉందని తెలిసి కూడా నా కన్ను ముందు ఆ గుండ్రదనాన్నే చూసింది. నాన్న ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని, అవనిగడ్డ వైపు వెళ్లి రోజుల తరబడి శవాలు మోశాడు. తిరిగొచ్చాక గుండె దెబ్బతింది, ఇక్కడి డాక్టరు కూడా మెట్లు ఎక్కవద్దన్నాడు. ఆ సంగతి లీబ్‌మన్‌కి నాన్న ఒక్కసారే చెప్పాడు, వాదన మాటున, గొంతు పెంచి, ఆ సముద్రాన్ని పంపిందెవరు, ఈ సూర్యుణ్ణి చేసిన పెద్దమనిషేనా, అదీ సృష్టి కార్యమేనా? ఈయన తప్పించుకుంటాడనుకున్నాను. "అవును, అదీను. ఉరుము విన్నా, పిడుగు చూసినా, తుఫాను వచ్చినా మేం చెప్పేది ఈ వాక్యమే. ఒక్క అక్షరం తేడా లేదు. నేను పళ్లు కరుచుకుని చెప్తాను" అన్నాడు. ఆ రాత్రి నాన్న నాతో, "వాడు తప్పు, కానీ దొంగ కాడే అమ్మాయ్" అన్నాడు. నాన్న నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

పన్నెండు కావస్తోంది. నీడలు లేవు, నా చెప్పుల చుట్టూ చూశాను, యాంటెనా కాడల కింద చూశాను, ఎక్కడా లేవు. ఒక్క మాట చాలు కదా. కనబడింది మిస్టర్ లీబ్‌మన్ అంటే అయిపోతుంది, లేచి నిలబడి ఆ పేరు పలుకుతాడు, తండ్రి కోసం కూడా పలుకుతాడు, కిందికి దిగి వేడి సూపు తాగి పడుకుంటాడు, ఎవరికి నష్టం, ఏ దేవుడు వచ్చి నన్నడుగుతాడు, నేను నమ్మని దేవుడి పేరు వృథా అయితే నాకేంటి. నాన్న అయితే చెప్పడు. అమ్మకి కాన్సరని తెలిసిన రోజు, అందరూ చెప్పొద్దు చెప్పొద్దంటున్నా, మంచం పక్కన కుర్చీ వేసుకుని, నీకు ఇంత కాలమే ఉంది కామేశ్వరీ అని చెప్పేసిన మనిషి. నాన్న అబద్ధం ఆడడు, అదే ఆయన జబ్బు, ఆ రోజు నేనాయన్ని అసహ్యించుకున్నాను, ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది, అమ్మ ఆ నెలా నవ్వుతూ ఉండేది. మరి ఇప్పుడు నేనెందుకు ఆడలేకపోతున్నాను, నాలుక చివరిదాకా వచ్చింది, పెదవులు కూడా విడివడ్డాయి, ఆయన ముఖం నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ఆశ చూసి భయమేసింది. ఈయన తండ్రి ఊరందరి మధ్య నిలబడి నాకు కనబడలేదు అన్నాడు. ఆయన కొడుకు నా కళ్లు అప్పడిగాడు, నా జాలి అడగలేదు. "లేదండీ" అన్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది, నిద్ర లేక అనుకున్నాను, చెంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ పైకి చూశాను.

అప్పుడు జరిగింది. దుప్పటి చిరగలేదు, ఎండ రాలేదు, అలాంటిదేమీ లేదు. కొంచెం పలచబడింది. తెల్లటి మరక మధ్యలో ఇంకా తెల్లగా ఏదో, కళ్లనీళ్లకి చెదిరిపోతోంది, తుడుచుకున్నాను, చిట్లించి చూశాను, పైన ఒక వంపు, కుడివైపు ఒక వంపు, అవి కలుసుకున్నాయి, గుండ్రంగా, చిన్నగా, రూపాయి బిళ్లంత. "మిస్టర్ లీబ్‌మన్, ఉంది! అంచు ఉంది! లేవండి, త్వరగా" అన్నాను, గొంతు బొంగురుపోయి, ముక్కు బిగిసిపోయి, పిచ్చిదానిలా.

ఆయన లేవలేదు.

"నువ్వు ఏడుస్తున్నావు" అన్నాడు మెల్లగా. "ఏడ్చేవాళ్లు దయ చూపిస్తారు. నా మీద జాలిపడకు, జయంతీ. లేకపోతే లేదని చెప్పు, నాకలవాటే."

"జాలి కాదండీ, నిజంగా ఉంది!"

"ఇందాకటి వరకూ లేదన్న గొంతు వేరు. ఇది వేరు. వెలుగులో నాకు తేడా తెలియడం లేదు."

ఏం చెప్పను? నీడ చూపిద్దామంటే నీడ లేదు, వేడి తగులుతుందంటే తగలదు. పైన మబ్బు కదులుతోంది, ఇప్పుడుంది, మరుక్షణం ఉంటుందో లేదో, ఆ ముసలాయన కుర్చీలో రాయిలా కూర్చున్నాడు, నేను నిజం చెప్తున్నాను, నా జన్మలో ఇంత నిజం చెప్పలేదు, అయినా నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు, నమ్మకం ఉన్నవాళ్లకి ఆ పుస్తకాల మీదో ఆ దేవుడి మీదో చెయ్యి వేసే వీలుంటుంది, మాకేముంది. నా చెయ్యి దానంతటదే లేచి నా నడినెత్తి మీద పడింది. "మా నాన్న మీద ఒట్టు" అన్నాను, తెలుగులో, అరిచినట్టుగా.

"ఏమన్నావు?"

"ప్రమాణం. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చేస్తారు. నేను చెప్పింది అబద్ధమైతే మా నాన్న చచ్చిపోతాడు. అదీ దానర్థం."

ఆయన ముఖం పాలిపోయింది. కాఫీ కప్పు కింద పడింది. "అలా అనకూడదు, అలా ఎప్పుడూ అనకూడదు" అని తన భాషలో కూడా ఏదో అంటూ, కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, టోపీ సర్దుకున్నాడు, నా భుజం పట్టుకుని ఎటు అన్నాడు. తిప్పి నిలబెట్టాను. పలికాడు. చాలా చిన్న వాక్యం, ఇంత చిన్నదానికా ఇంతసేపు అనిపించేంత చిన్నది, మధ్యలో ఒకచోట ఆగాడు, ఆ పేరు దగ్గర అనుకుంటాను, గట్టిగా ఊపిరి పీల్చి, పళ్లు కరుచుకుని, పలికాడు. నేను ఆయన్ని చూడటం లేదు. నేను పైకి చూస్తున్నాను. ఒట్టు వేసిన క్షణం నుంచి పైకే చూస్తున్నాను. పైన వంపు, కుడివైపు వంపు, కింద? కింద అంచు నిజంగా ఉందా, లేక నా కన్నీళ్లు గీసిందా? ఎడమవైపు? చిన్నప్పుడు నాన్నే కదా నా చేత చేయించాడు, అబద్ధం చెప్పి మీ అమ్మ మీద ఒట్టు వెయ్యి, ఏమవుతుందో చూద్దాం అని. వేశాను, అమ్మ నవ్వుతూ జంతికలు వేయిస్తూనే ఉంది, చూశావా అన్నాడు, చూశాను. ఆ తరవాత నేనెప్పుడూ ఒట్టు వెయ్యలేదు, మూఢనమ్మకమని. ఎడమవైపు మబ్బు కమ్మేసింది. మొత్తం పోయింది. ఇందాక ఉందా?

"ఉంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. "ఉంది కదా?"

"థాంక్యూ, జయంతీ" అన్నాడు లీబ్‌మన్. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. ఇంకా ఏదో చెప్తున్నాడు, తండ్రి గురించి. "ఒక్క నిమిషం కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అన్నాను, కుర్చీ ఆయన వెనక్కి జరిపి, ఆయన కూర్చున్నాడో లేదో కూడా చూడకుండా మెట్ల తలుపు తోసుకుని పరుగెత్తాను. చీర కాళ్లకి అడ్డం పడింది. రెండేసి మెట్లు దిగాను. డాక్టరేట్ ఉన్నదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నరసింహం మాస్టారి కూతుర్ని, తాళం కన్నంలో తాళంచెవి పట్టడం లేదు.

నాన్న సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. పేపరు ఛాతీ మీద పడి ఉంది.

"నాన్నా!"

కదల్లేదు. "నాన్నా, నాన్నా" అంటూ మోకాళ్ల మీద కూలబడి భుజం కుదిపాను.

కళ్లు తెరిచాడు. "ఏమే, ఇల్లు కాలిపోతోందా ఏంటి? ఇప్పుడే కాస్త కునుకు పట్టింది." నా ముఖం చూశాడు. "ఏమైంది? ఆ ముసలాయనకేమన్నా అయిందా?"

"లేదు. ఆయన బాగున్నాడు. చదివాడు."

"అయితే సూర్యుడొచ్చాడన్నమాట."

"వచ్చాడు నాన్నా."

"వస్తాడు. రాకేం చేస్తాడు, అందులో వింతేముంది?" అని పేపరు తీసి మడతపెట్టాడు. నేను లేవలేదు. ఆయన బనీను కింద ఛాతీ పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, నాన్న "ఏంటే అలా చూస్తావు?" అని అడిగినా చూపు తిప్పకుండా.